నార్వే వారి తోడు

"మేష్టారూ, ఈస్టుకు మన తెలుగులో సరైన మాట ఏమిటి?" అని అడుగుతూ ఆ మధ్య నాకొక వుత్తరం వచ్చింది. రాసినవాడు నా పాత శిష్యుడు. ఇంటర్మీడియెట్ రెండేళ్ళూ నా దగ్గర తెలుగు చదువుకుని, తరవాత ఇంజనీరింగులో పడి, ఇప్పుడు నార్వే దేశంలో బెర్గెన్ అనే రేవు పట్నంలో వుద్యోగం చేసుకుంటున్నాడు. తెలుగు పంతులన్నాక ఇలాంటి అర్జీలు వస్తూనే వుంటాయి. మనవరాలికి మంచి పేరు చూసిపెట్టమనేవారు కొందరు, శుభలేఖలో తప్పులు దిద్దిపెట్టమనేవారు కొందరు. ఈస్టు సంగతి అడిగినవాడు మాత్రం వీడొక్కడే.

అడిగాడు గదా అని నిఘంటువుల బీరువా తెరిచాను. పండితులు కల్పించిన "మధుశిలీంధ్రం" అనే మాట ఒకటి వుంది. చెప్పేవాడికి నోరు తిరగదు, వినేవాడికి బుర్ర తిరుగుతుంది. సైన్సు పుస్తకాల్లో పులియడాన్ని "కిణ్వనం" అంటారు. ఈ కిణ్వమన్నది నిన్నా మొన్నా పుట్టించిన మాట కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారి కోసం ఒక అధ్యాయమే వుంది. సురను పులియబెట్టడానికి వేసే తోడును అందులో కిణ్వమన్నారు. దాన్ని తయారుచేసే దినుసుల్లో ముఖ్యమైనవి ఏమిటనుకున్నారు? మినుములూ, బియ్యమూ! చదివి కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. మన ఇడ్లీ పిండిలో పడేవీ ఆ రెండేనాయె. సురాధ్యక్షులవారికీ మా వీధి చివర ఇడ్లీల బండికీ ఇంత దగ్గర చుట్టరికం వుందని ఎవరనుకుంటారు?

చివరికి నేను రాసిన జవాబు చిన్నదే. "తోడు అను నాయనా, చాలు. చేమిరి అన్నా తప్పులేదు" అన్నాను. దానికి వాడు సంబరపడి, అక్కడి పల్లెటూళ్ళలో ఈస్టును "క్వైక్" అంటారనీ, ఆ మాట పుట్టుక చెప్పమనీ మళ్ళీ రాశాడు. ఈసారి నాకు వుత్సాహం వచ్చింది. క్వైక్ అన్నది ప్రాణమున్నది, చురుకైనది అనే అర్థమిచ్చే పాత నార్వే మాటకు తోబుట్టువు. నిప్పు రాజేయడానికి వాడే క్రియ కూడా ఆ కుదుటిదే. ఇంగ్లీషువారి "క్విక్" అనే మాటకు కూడా మొదట్లో త్వరగా అని కాదు, బతికివున్న అనే అర్థం. ఇంకా వెనక్కి వెళితే మన సంస్కృతంలోని "జీవ" శబ్దమూ ఈ మాటలూ ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే పేరులోనే జీవం పెట్టుకున్నారన్నమాట. ఆ పేరు ఎంత సార్థకమో ఈ వారం మీతో చెప్పుకోవాలనిపించింది.

ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి మా ఆవిడ, "ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో బీరు కబుర్లేమిటండీ, రేపు కాలేజీలో పిల్లలేమనుకుంటారు?" అంది. అడగవలసిన ప్రశ్నే. అందుచేత ముందుగానే మనవి చేస్తున్నాను. నేను బీరు రుచి ఎరగను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. నార్వేలో మాత్రం సొంతానికి బీరు కాచుకోవడం తప్పు కాదు. సారా బట్టీ పెడితే అక్కడా శిక్షే. కనక ఇది కాచుకోమని చెప్పే రాత కాదు. కంటికి కనిపించని ఒక ప్రాణిని రైతుల ఇళ్ళలో తరతరాలుగా ఎలా సాకారో, అది ఎలా చేజారబోయిందో చెప్పే కథ.

బీరు అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతారు. అదే మాల్టు. మన రాగిమాల్టుకూ పద్ధతి అదే. దాన్ని నలగ్గొట్టి వేడినీళ్ళలో నానిస్తే గింజలోని పిండి చక్కెరగా మారి తియ్యటి కషాయం దిగుతుంది. అందులో హాప్స్ అనే తీగకు పూసే చేదు పూలు వేసి మరగబెడతారు. ఇంతవరకూ అది చేదు కలిసిన పానకమే. చల్లార్చి ఈస్టు వేస్తేనే బీరవుతుంది. ఈస్టు కణం మిల్లీమీటరులో 200వ వంతు వుంటుంది. చక్కెరను తిని, ఒకపక్క మత్తునిచ్చే ఆల్కహాలునూ, మరోపక్క బుడగలు పుట్టించే బొగ్గుపులుసు గాలినీ విడుస్తుంది. అంతేకాదు, మొగ్గ తొడిగినట్టు తన పక్కనే పిల్ల కణాన్ని పుట్టిస్తుంది. ఒకసారి వేసిన ఈస్టు, పని పూర్తయ్యేసరికి మూడు నాలుగు రెట్లు అవుతుంది. కథకంతకూ కీలకం ఇక్కడే వుంది. వేసినదానికంటే మిగిలేది ఎక్కువ. మరి ఆ మిగిలినదాన్ని ఏం చేయాలి?

మన ఇళ్ళలో ఈ ప్రశ్న రాదు. పెరుగు ప్రతిరోజూ కావాలి. రాత్రి మిగిల్చిన చెంచాడు పెరుగే తెల్లవారికి గిన్నెడవుతుంది. (పెరుగును తోడుపెట్టేది బాక్టీరియా, ఈస్టు వేరే జాతి. శాస్త్రరీత్యా చుట్టరికం లేదు. వంటింటి రీత్యా రెండింటి నౌకరీ ఒకటే.) నార్వే రైతుకు అలా కాదు. బార్లీ పండేదే తక్కువ. క్రిస్మసుకు ఒకసారి, కోతలప్పుడు ఒకసారి, ఇంట్లో పెళ్ళో చావో వస్తే మరొకసారి, ఏడాదికి రెండు మూడుసార్లే కాపు. నడుమ నాలుగేసి నెలలు, ఆరేసి నెలలు ఈస్టును బతికించి వుంచాలి. ఐసుపెట్టె లేదు, సూక్ష్మదర్శిని లేదు, తాము దాస్తున్నది ప్రాణి అన్న జ్ఞానం కూడా లేదు. అయినా దాచారు.

ఎలాగంటారా? తొట్టి అడుగున మిగిలిన మడ్డినో, పైకి పొంగిన నురుగునో తీసి, శుభ్రమైన గుడ్డ మీద పలచగా పూసి ఆరబెట్టేవారు. ఎండిన తరవాత అది వడియం పెచ్చుల్లా లేచివస్తుంది. ఆ పెచ్చుల్ని మూటగట్టి పొడిగా వుండేచోట భద్రం చేసేవారు. కొన్ని ఇళ్ళలో కర్రదుంగకు గాట్లూ, తొలులూ పెట్టి, దాన్ని ఈస్టులో ముంచి ఆరబెట్టేవారు. తొలుల్లో దాగిన ఈస్టు అలాగే గట్టిపడేది. మరికొన్ని ఇళ్ళలో చిన్న చిన్న కర్రముక్కలు ఒకదానిలో ఒకటి ఇరికించి దండలా చేసి, ముంచి, గోడకు వేలాడదీసేవారు. గుమ్మానికి ఎండిన మామిడాకుల తోరణం వేలాడుతున్నట్టుండేదేమో! కాపు రోజున ఆ దండనో దుంగనో గోరువెచ్చని కషాయంలో వేస్తే నిద్రలేచినట్టు ఈస్టు కదిలేది. ఎండబెట్టే ఓపిక లేనివారు సీసాలో పోసి బిరడా బిగించి బావిలోకి దించేవారు. వేసంకాలం బావిలో పాలచెంబు దించి కాపాడిన మన పెద్దవాళ్ళకు ఈ వుపాయం కొత్తేమీ కాదు.

ఈస్టును కషాయంలో వేసేటప్పుడు పెద్దగా కేక పెట్టే ఆచారం ఒకటి వుండేదట. కేక ఎంత గట్టిగా వుంటే బీరు అంత ఘాటుగా దిగుతుందని నమ్మకం. నవ్వకండి. దీపాలు పెట్టాక తోడు అడగకూడదనే ఇళ్ళు మన వీధుల్లో ఇంకా ఎన్ని లేవు?

ఎండబెట్టడం వల్ల మరో విశేషం జరిగింది. ఇప్పటి బీరు ఫ్యాక్టరీల్లో వాడే ఈస్టులు సుఖానికి అలవాటుపడినవి. ఒక జాతికి 10 డిగ్రీల సెంటీగ్రేడు చలి కావాలి, మరొక జాతికి 20 డిగ్రీలు కావాలి. వేడి పెరిగితే బీరు రుచి చెడగొడతాయి. నార్వే రైతు ఈస్టును మాత్రం 30 నుంచి 40 డిగ్రీల వేడిలో, అంటే ఇంచుమించు మనం పాలు తోడుపెట్టే గోరువెచ్చదనంలో, వేసినా పని చేస్తుంది. పని కూడా వారాలు కాదు, రెండు మూడు రోజుల్లో ముగిస్తుంది. ఎండి బతికినదే మళ్ళీ కాపుకు వచ్చింది. వేడి కషాయంలో బతికినదే మళ్ళీ గుడ్డ మీదికి చేరింది. మంచి కంకిని విత్తనానికి వుంచుకునే రైతు, తనకు తెలియకుండానే ఈస్టులోనూ విత్తనం ఏరుకున్నాడన్నమాట. 2018లో శాస్త్రజ్ఞులు ఈ ఇళ్ళ ఈస్టుల జన్యువుల్ని పరీక్షించి, లోకంలోని ఇతర బీరు ఈస్టులతో కలవని ప్రత్యేకమైన తెగ ఇది అని తేల్చారు.

ఇంత జాగ్రత్తగా దాచినా ఒక్కోసారి చచ్చిపోయేది, లేదా పులిసి పాడయ్యేది. అప్పుడేం చేసేవారు? పొరుగింటికి వెళ్ళి అడిగేవారు. ఆ పొరుగువాడి దగ్గర వున్నది కూడా ఒకప్పుడు వీళ్ళ ఇంటినుంచి వెళ్ళినదే అయ్యుండేది. ఈస్టును దాచడానికి వాళ్ళు కనిపెట్టిన పద్ధతులన్నింటిలోకీ నాకు ఇదే గొప్పగా తోచింది. దుంగ కాదు, గుడ్డ కాదు, బావి కాదు, పొరుగిల్లు. ఎవరికీ ఇవ్వక ఒక్కచోట దాచుకున్నవాడి ఈస్టు ఒక్క దెబ్బతో పోతుంది. పదిమందికీ పంచినవాడిది పదిచోట్ల బతుకుతుంది.

మా ఆవిడకు ఇది చదివి వినిపిస్తే ఆశ్చర్యపోలేదు సరిగదా, "ఇందులో వింతేముంది?" అంది. మేము కాశీ వెళ్ళినప్పుడు పదిహేను రోజులు ఇల్లు తాళంవేసి వుంది. బయలుదేరే ముందు ఆవిడ చేసిన ఆఖరి పని, మా పెరుగు తోడును గిన్నెలో పెట్టి ఎదురింటి పిన్నిగారి కప్పగించడం. తిరిగివచ్చాక మొదటి పని దాన్ని తెచ్చుకోవడం. అది మా అత్తగారి ఇంటినుంచి ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో తెచ్చుకున్నది. కొట్లో పెరుగు ప్యాకెట్లు దొరకవా అంటే దొరుకుతాయి. "అది పెరుగే, మన పెరుగు కాదు" అంటుంది. దీనికి ఎదురు వాదించే శక్తి నా ఎమ్మేకు లేదు.

తోడు చేతులు మారడంలో యూరపు ఖండంలో జరిగిన పెద్ద కథ మరొకటి వుంది. ఇది రైతుల కథ కాదు, వ్యాపారుల కథ. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో జె.సి. జాకబ్సెన్ అనే బీరు తయారీదారు వుండేవాడు. జర్మనీలో మ్యూనిక్ నగరంలో చల్లటి నేలమాళిగల్లో కాచే బీరు అతనికి నచ్చింది. కాని దానికి వాడే ఈస్టు వేరు. తొట్టి అడుగున చేరి, చలిలో నెమ్మదిగా పనిచేసే రకం. 1845లో జాకబ్సెన్ మ్యూనిక్ వెళ్ళి, అక్కడి గురువుగారి దగ్గర ఆ ఈస్టు పుచ్చుకుని, రెండు రేకు డబ్బాల్లో పెట్టుకుని ప్రయాణమయ్యాడు. వందల మైళ్ళ దారి, గుర్రపుబండి. వేడి తగిలితే ఈస్టు చస్తుంది. అందుకని బండి ఆగిన ప్రతి మజిలీలోనూ దిగి, డబ్బాల మీద చన్నీళ్ళు కుమ్మరించుకుంటూ తెచ్చాడని చెబుతారు. చంటిపిల్లకు జ్వరం వస్తే తడిగుడ్డ వేసుకుంటూ కూర్చున్న తండ్రి గుర్తుకు వస్తాడు. రెండేళ్ళకు, 1847లో, వూరి బయట గుట్ట మీద కొత్త కర్మాగారం కట్టి, కొడుకు కార్ల్ పేరు కలిపి దానికి కార్ల్స్‌బర్గ్ అని పేరుపెట్టాడు. బర్గ్ అంటే కొండ.

ఆ ఈస్టును ఏళ్ళ తరబడి కాపు నుంచి కాపుకు వాడుకుంటూ వచ్చారు. 1883లో వారి బీరుకు జబ్బు చేసింది. చేదు, ముతక వాసన. అప్పటికే లూయీ పాశ్చర్ 1876లో బీరు మీద పెద్ద గ్రంథం రాసి, బీరు చెడడానికి కారణం బాక్టీరియా అని చెప్పి వున్నాడు. కార్ల్స్‌బర్గ్ పరిశోధనాలయంలో పనిచేసే ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ మరో అడుగు ముందుకు వేశాడు. దోషం బాక్టీరియాది మాత్రమే కాదు, మంచి ఈస్టులో గాలివాటున వచ్చి చేరిన అడవి ఈస్టులదీ అన్నాడు. ఎలా రుజువు చేయడం? ఈస్టును నీళ్ళలో పలచన మీద పలచన చేసి, ఒకే ఒక్క కణాన్ని విడదీసి, ఆ ఒక్కదాని సంతానాన్నే పెంచాడు. ఆ సంతతితో కాచిన బీరు శుభ్రంగా వచ్చింది. లోకంలో మొట్టమొదటి శుద్ధమైన బీరు ఈస్టు అదే.

ఇక్కడ జాకబ్సెన్ పెద్దమనసును మెచ్చుకోవాలి. ఇంతటి రహస్యం చేతికి చిక్కితే మరొకరైతే ఇనప్పెట్టెలో దాచేవారు. ఆయన ఆ శుద్ధమైన ఈస్టును అడిగిన ఇతర కర్మాగారాలకు వూరికే పంచిపెట్టాడు. మ్యూనిక్ గురువుగారు తనకిచ్చినది తాను లోకానికిచ్చాడు. తోడు అప్పు తీర్చడమంటే ఇదే గదా.

అయితే ఒక్క కణం సంతతినే పెంచడంలో లాభంతోపాటు నష్టమూ వుంది. రైతు ఇంటి క్వైక్‌లో సాధారణంగా ఒకే రకం వుండదు, నాలుగైదు రకాలు కలిసి కాపురం చేస్తుంటాయి. ఒక ఏడాది చలి ఎక్కువైతే ఒకటి, వేడి ఎక్కువైతే మరొకటి బరువు మోస్తుంది. అది వుమ్మడి కుటుంబం. హాన్సెన్‌ది వేరుకాపురం; శుభ్రంగా వుంటుంది, ఎప్పుడూ ఒకేలా వుంటుంది. లక్షల సీసాలు ఒకే రుచితో రావాలంటే హాన్సెన్ దారి తప్ప వేరే దారి లేదు. ఆయన చేసిన మేలును తక్కువ చేయడం నా వుద్దేశం కాదు. కాని 20వ శతాబ్దంలో రొట్టెల ఈస్టు పొట్లాలు ప్రతి కొట్లోనూ దొరకడం మొదలెట్టాక, "కొనుక్కుంటే పోయే, ఈ దుంగలూ గుడ్డలూ ఎందుకు?" అన్నారు ఇళ్ళలో. ఒక్కొక్క ఇంట్లోనే ఈస్టు చచ్చిపోయింది. ఎవరూ పనిగట్టుకుని పారేయలేదు. రెండేళ్ళు బీరు కాచలేదు, మూడో ఏడు చూస్తే దుంగ మీది ఈస్టు లేవలేదు. పొరుగింటికి వెళితే వాళ్ళూ పొట్లాలే వాడుతున్నారు. అంతే.

నార్వేలో పడమటి తీరపు లోయల్లో, వోస్, హర్డాంగర్, సున్మోర్ వంటి కొద్దిచోట్ల మాత్రం కొందరు మొండిగా వదలలేదు. లార్స్ మారియుస్ గార్షోల్ అనే నార్వే రచయిత ఈ ఇళ్ళు వెతుక్కుంటూ తిరిగి, కాపు చూసి, ఈస్టు నమూనాలు పరిశోధనాలయాలకు చేర్చి, 2020లో పెద్ద పుస్తకం ప్రకటించాడు. మన వూళ్ళలో తాళపత్రాలు వెతుక్కుంటూ తిరిగిన పండితులు నాకు జ్ఞాపకం వచ్చారు. తాళపత్రానికి చెదలు పట్టినా సగం చదవవచ్చు. ఈస్టు చస్తే సగం బతకదు.

మళ్ళీ మా శిష్యుడి దగ్గరికి వస్తాను. వోస్ అన్న వూరు బెర్గెన్ నుంచి రైల్లో గంటా పావు దూరం. ఆ పక్కల పల్లెలో ఒక ముసలి రైతుతో వీడికి స్నేహం కుదిరింది. ఆయన కాపు చూపించి, చివర కాగితంలో చారెడు ఎండు పెచ్చులు పొట్లం కట్టి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు. "నాది పోతే నీ దగ్గరికి వస్తాను" అన్నాడట, అంతే. అప్పటినుంచి మావాడి ఐసుపెట్టెలో కూరగాయల పక్కన సీసాలు చేరాయి. "తాగుతావుట్రా?" అని అడిగాను ఫోనులో. "తాగేది తక్కువ మేష్టారూ, పెంచేది ఎక్కువ" అన్నాడు. వాళ్ళమ్మగారితో కూడా ఇదే చెప్పాడో లేదో నేను అడగలేదు.

వాడి పద్ధతి చెప్పాడు. వినడానికి మన వంటింటి మాటల్లాగే వుంది. బీరు పులియడం ఆగాక పైతేటను వేరే పాత్రలోకి తీసేస్తాడు. అడుగున పాలమీగడ రంగులో చిక్కటి మడ్డి మిగులుతుంది. మరిగే నీళ్ళలో కడిగి ఆరబెట్టిన సీసాలోకి దాన్ని పోసి ఐసుపెట్టెలో పెడతాడు. మొదట్లో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, కదిపి, బరువైన చెత్త అడుక్కి దిగాక పైన తేలిన పాలలాంటి ఈస్టునే తీసి దాచేవాడట; పుస్తకాల్లో అలా వుంది. ఇప్పుడు ఆ కడుగుడు మానేశాడు. ఈస్టు మీద రెండు వేళ్ళెత్తు బీరునే నిలవ వుంచుతాడు. ఆ బీరులోని పులుపూ, ఆల్కహాలూ వేరే క్రిముల్ని దగ్గరికి రానివ్వవు. నీళ్ళకు ఆ రక్షణ లేదు. ఆవకాయ మీద నూనె తేలుతూ వుండాలని మన అమ్మలు చెప్పే రహస్యమే ఇది. మూత మాత్రం గట్టిగా బిగించడు. లోపల ఇంకా కాస్త గాలి పుడుతూనే వుంటుంది. బిగిస్తే సీసా పగలవచ్చు.

రెండు మూడు వారాల్లో వాడితే మంచిదట. ఆలస్యమైతే ఆకలితో కణాలు చస్తూ వుంటాయి. అప్పుడు నేరుగా పెద్ద కాపులో వేయకుండా, ముందుగా చెంబెడు తియ్యటి కషాయంలో వేసి నిద్రలేపి, నురుగు కట్టిందని చూసుకున్నాక పెద్దదానిలో కలపాలి. మంచి ఈస్టుకు రొట్టె వాసన వుంటుంది. వెనిగర్ వాసన వచ్చినా, కాలిన రబ్బరు వాసన వచ్చినా, రంగు గోధుమవన్నెకు తిరిగినా మొహమాటం లేకుండా పారబోయవలసిందే. మరీ ఘాటైన బీరు కాచగా మిగిలిన ఈస్టును కూడా వుంచుకోడు. అది అలిసిపోయి వుంటుందట. కాపు వెనక కాపుగా వాడుతూ పోతే దాని స్వభావమూ మారుతుంది. ఎప్పుడూ ముందుగా అడుక్కి దిగినదాన్నే తీసుకుంటే, కొన్నాళ్ళకు చక్కెర పూర్తిగా తినకుండానే అడుక్కి దిగే బద్ధకపు ఈస్టు తయారవుతుంది. కర్మాగారాలవారు అందుకే సాధారణంగా పది కాపుల లోపే పాతదాన్ని పారేసి పరిశోధనాలయం నుంచి కొత్తది తెచ్చుకుంటారు. నార్వే రైతుకు అలాంటి లెక్క లేదు. తాతనాటిదే మనవడికీ.

వాడు నన్నడిగిన మరో ప్రశ్న, మన దగ్గర ఇలాంటిది లేదా అని. కల్లుగీత కార్మికుణ్ణి అడిగితే తెలుస్తుంది. తాటిచెట్టు నుంచి దిగే తియ్యటి రసానికి ఎవరూ ఈస్టు కొలిచి వేయరు. నిన్నటి కల్లు తాలూకు ఈస్టు కుండ లోపలి గోడల్నే పట్టుకుని వుంటుంది. గాలిలోదీ, చెట్టుమీదిదీ వచ్చి కలుస్తుంది. చెట్టుమీద వుండగానే రసం పులియడం మొదలెడుతుంది. పులియని నీరా కావాలంటే కుండ లోపల సున్నం పూసి కడతారు. అంటే మట్టికుండే మన దుంగ అన్నమాట. తేడా అల్లా, తాటిచెట్టు రోజూ రసమిస్తుంది కనక, దాచవలసిన అవసరం మనకు రాలేదు. అవసరం లేనిచోట వుపాయం పుట్టదు.

పోయిన ఏడు చలికాలం ఆ ముసలి రైతు ఇంట్లో కరెంటు పోయి, ఐసుపెట్టె కరిగి, అందులో దాచుకున్నదంతా చెడిపోయిందట. ఎండుపెచ్చుల డబ్బాలో కూడా తడి చేరి బూజు పట్టింది. తండ్రినాటి ఈస్టు. క్రిస్మసుకు ఇంకా మూడు వారాలే వుంది. పట్నంలో కొట్టుకు వెళితే "వోస్ క్వైక్" అని అచ్చుకొట్టిన పొట్లాలు ఇప్పుడు దొరుకుతాయి. ఇలాంటి ఇళ్ళ ఈస్టులోంచే ఒక్క రకాన్ని విడదీసి కంపెనీలవారు ఎండబెట్టి దేశదేశాలకూ అమ్ముతున్నారు. మంచి సరుకేనట. ముసలాయన కొట్టుకు వెళ్ళలేదు. ఫోను చేసి, మంచులో రైలెక్కి, బెర్గెన్‌లో మావాడి గుమ్మం ముందు దిగాడు.

మావాడు రెండు సీసాలు ఇచ్చాడు. ముసలాయన ఒకదాని మూత తీసి వాసన చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. తరవాత, "కొంచెం మారింది" అన్నాడట. రెండేళ్ళపాటు మావాడి వంటింట్లో పెరిగింది గదా, మారకుండా ఎలా వుంటుంది? మావాడికి గుండె జారిపోయింది. ఆయన మూత పెట్టి, రెండు సీసాలనూ వున్ని కోటు లోపలి జేబుల్లో చెరొక పక్కా పెట్టుకుని, "మా ఇంట్లో నాలుగు కాపులకు మళ్ళీ దారికొస్తుందిలే" అని లేచాడు.

ఆ దేశంలో బీరు పీపాలోకి దించే రోజున ఇరుగుపొరుగువారు తడుముకుంటూ రుచికి వచ్చి చేరతారు. దాన్నొక చిన్న పండగలా చేస్తారు. ఆ క్రిస్మసుకు మావాణ్ణి కూడా పిలిచారు. బీరు ఎలా వుందన్నదాని కంటే, ఈస్టు ఎవరింటిదన్న మాట మీదే ఎక్కువ చర్చ జరిగిందట. ముసలాయన సంగతి చెప్పగానే అక్కడ వున్నవారిలో ఇద్దరు లేచి వంటింట్లోకి వెళ్ళి ఖాళీ గాజుసీసాలు వెతకడం మొదలెట్టారు.